వెలగల ముక్కాలి: దాని మన్నికయు, దాని పాటును

మన పెద్దలు పొయ్యికి మూడు రాళ్లు పెట్టిరి గాని నాలుగు పెట్టలేదు. నాలుగవ రాయి యున్నచో నేల యించుక హెచ్చుతగ్గుగా నున్నంతనే కుండ యేదో యొక రాతి నంటక యూగులాడును. మూడు రాళ్లపై నెంతటి గతుకు నేలనైనను కుండ మూడింటిని నంటియే యుండును. ఒకవైపు వాలి నిలుచునేమో గాని యూగదు. మూడు బిందువు లొక సమతలమును నిర్ణయించునని గణితజ్ఞులు దీనిని వివరింతురు. మన యవ్వలు గణితము చదువకయే పొయ్యిలోను, ముక్కాలిపీటలోను ఈ రహస్యమును వాడుకొనిరి. ఛాయాగ్రాహకుడు తన పెట్టెను కదలక నిలుపవలసివచ్చినప్పు డాతడును మూడు కాళ్లనే యాశ్రయించెను. దానికి ట్రైపాడని పేరు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో ‘స్టాండు’ అనియే వాడుక.

ఇల్లాండ్ర పత్రికలో స్టాండును గూర్చిన ముచ్చట యేల యని సోదరీమణులు కొందరు నవ్వవచ్చును. నవ్వుటకు ముందు రెండు సంగతులు చిత్తగింప వేడెదను. నంద్యాల పట్టణమునందును, దానికి దక్షిణముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న ఆళ్లగడ్డయందును పెండ్లిండ్లకు ఛాయాపటములు తీసి జీవించు కుటుంబములు గలవు. అట్టి యిండ్లలో కెమేరాయు, దాని స్టాండును, సేద్యపుటింట నెద్దుల జతవంటివి. వానిని కొనునది పురుషుడే యైనను, కొన్న యప్పు తీరు లెక్క యిల్లాలి తలపై బడును. ఇక రెండవ సంగతి. వంటలు, ముగ్గులు, కుట్టుపనులు చూపుచు తామే చిత్రములు తీసి లోకమునకు పంపు స్త్రీలు నేడు పల్లెలయందును గలరు. వారికిని చేతిఫోనును నిలుపుటకొక స్టాండు కావలసినదే. దేనికెంత వెల పెట్టవచ్చునో, వెల పెట్టి కొన్నదియు నేల చెడునో తెలిసికొనుట మనకు పరాయి విషయము గాదు.

ఛాయాచిత్రకళ యంతఃపురపు గడప దాటుటయు మన తెలుగుగడ్డపై క్రొత్త గాదు. రాజా దీనదయాళుగారు హైదరాబాదు నగరమున 1892లో ఘోషా స్త్రీలకొఱకై ప్రత్యేకముగా నొక ఫోటో మందిరమును నెలకొల్పి, దానిని నడపు భారమును కెన్నీ లెవిక్ అను దొరసాని కప్పగించిరి. ఎత్తైన గోడల నడుమ, పురుషుల కన్ను పడని చోట, నా కాలపు గొప్పయింటి స్త్రీలు కెమేరా యెదుట కూర్చుండిరి. ఆనాటి కెమేరా కొయ్యపెట్టె, లోపల గాజుపలక. వెలుతురు చాలనిచో పలక కొన్ని క్షణములు తెఱచియే యుండవలసినది. ఆ క్షణములలో ముక్కాలి నువ్వుగింజంత కదలిన ముఖము చెదరిపోవును. ఆ ముక్కాళ్లును కొయ్యవే; మరలు ఇత్తడివి. కొయ్యకొక సుగుణము గలదు. కుదుపును తనలో మ్రింగును. రోకటిపోటు నేలకు తగిలినప్పుడు చేతి కదరు తెలియకుండుట రోలు రాతిదై రోకలి కొయ్యది యగుటవలననే గదా! వానలకు కొయ్య యుబ్బును, బరువును హెచ్చే. కాని యొక కాలు విరిగినచో వడ్లయ్య దానిని నాటి సాయంకాలమునకే బాగుచేసి యీయగలడు. ఈ యొక్క మాటను మనస్సున నుంచుకొనుడు; మీదట దీనితో పని గలదు.

కొయ్య పోయి లోహము వచ్చెను. ఫ్రాన్సుదేశమున 1917లో ఆర్సేన్ గిట్జోవెన్ అను నాతడు స్థాపించిన గిట్జో సంస్థ కాలక్రమమున ముక్కాళ్లకు ప్రసిద్ధి గాంచినది. ఇటలీలోని బస్సానో పట్టణమున పత్రికలకు ఛాయాచిత్రములు తీయుచుండిన లీనో మన్‌ఫ్రోట్టో తన పనికి తగిన దీపపు స్టాండ్లు దొరకక తానే చేసికొన నారంభించి, 1974లో మొదటి ముక్కాలిని వెలువరించెను. అల్యూమినియపు గొట్టములు ఒకదానిలో నొకటి దూరి, కావలసినప్పుడు సాగి, వలదన్నప్పుడు ముడుచుకొనునట్టి యమరిక యిది. మూడునాలుగు దశాబ్దముల నాటి యల్యూమినియపు ముక్కాళ్లు రంగు పోయి, గీతలు పడి, నేటికిని పని చేయుచుండుట వింత గాదు. తరువాత 1994లో గిట్జోవారు కార్బను ఫైబరు గొట్టములతో ముక్కాలిని చేసిరి. కార్బను నారలను బంకలో తడిపి పొరలు పొరలుగా చుట్టి కాల్చిన గొట్టమిది. చూచుటకు నల్లగా నుండును. బరువు తక్కువ, బిగి యెక్కువ. వెలయు నట్లే. నేడు మంచి కార్బను ముక్కాలి యేబది యఱువది వేలు పలుకును. పెద్ద చలనచిత్రపు కెమేరాలకు వాడునవి లక్ష దాటునవియు గలవు.

నంద్యాలలో నట్టి యొక గృహమున్నదనుకొందము. భర్త పెండ్లిండ్లకు చిత్రములు తీయును. భార్య యింటి లెక్కలు వ్రాయును, ఆల్బములు కూర్చును, పాటలకు తగినట్లు చిత్రములు కోసి యతుకును. ఆమె చీటీ పాడిన 70 వేల రూపాయలతో నాతడొక కార్బను ముక్కాలి కొనదలచెను. అత్తగారు వరండాలో కూర్చుండి చాటలో బియ్యము చెరుగుచు, “మూడు కాళ్ల కట్టెకు డెబ్బై వేలా అమ్మీ? ఆ దుడ్డుతో ఎనుము వస్తుంది గదా!” యనును. ఆమె మాట త్రోసివేయదగినది గాదు. ఎనుము నాడే పాలిచ్చును. ముక్కాలి పాలియ్యదు. అది చేయు పనియెల్ల నొక్కటే, పడనీయకుండుట. దాని పైన నున్న కెమేరాయు, కటకములును రెండుమూడు లక్షలు చేయును. అంతకంటె గొప్పది మాంగల్యధారణ ఘడియ. కెమేరా విరిగిన నప్పు చేసి క్రొత్తది తేవచ్చును. పెండ్లికుమార్తె మెడలో రెండవసారి తాళి కట్టుమని పురోహితుని నడుగలేము గదా! ఆ ఘడియ చేజారినచో పుచ్చుకొన్న బయానా తిరిగి యీయవలసివచ్చును. దానికంటె కష్టము, మరునాడు బజారులో ఆ పెండ్లివారి యెదుట పడుట.

ఇట్లు కొన్న ముక్కాలి పదియేండ్లు నిలువవలెనని యిల్లాలి కోరిక. మూడేండ్లకే యేల చెడుచున్నది? వెల యెక్కువైనంత మాత్రమున నన్ని భాగములును గట్టివి గావు. గొట్టము నూరేండ్లుండవచ్చును. ఆ గొట్టమును పట్టుకొను బిగింపు కంకణము లోపల చేతిగాజులో సగమంత ప్లాస్టిక్కు ముక్కలుండును. కంకణమును త్రిప్పినప్పుడా ముక్కలు నొక్కుకొని లోపలి గొట్టమును కఱచిపట్టును. మొత్తము బరువు నిలుచునది యీ చిన్న ముక్కల పట్టుపైననే. ఏడాదిలో నెన్నివందల మారులు త్రిప్పుదురో యన్ని మారులును నవి యించుకించుక యరుగును. ఒకనాడు కాలు మెల్లగా లోపలికి జారును. పెండ్లిపందిరిలో నెవ్వరును గమనింపరు. చిత్రము మాత్ర మొకవైపున కొరుగును. ఇది చావు గాదు, జ్వరము. ఆ ముక్కలు మార్చిన ముక్కాలి మరల క్రొత్తదగును. ఆ సంగతి తెలియక క్రొత్త ముక్కాలికై పరుగెత్తువారు గలరు. కొందఱు కంకణమును కటకారుతో బలవంతముగా బిగించి మరయొత్తులను చెఱచుకొందురు.

కాలు జారుటకు వేఱొక కారణము మన ప్రాంతపు గాలిలోనే యున్నది. ఆళ్లగడ్డ శిల్పుల ఉలులు మ్రోగు వీథులను చూచినవారి కచ్చటి రాతిదుమ్ము తెలియును. దేవతామూర్తులు చెక్కు పనివాని కనుబొమలు సహితము తెల్లబడియుండును. బేతంచర్ల వైపు నాపరాళ్లు కోసి నునుపు చేయు చోట్లను నంతే. ఆ దుమ్ము కంటి కగపడనంత మెత్తన. అయినను రాయి రాయియే. కంకణములోని కందెనతో గలిసినచో నది కత్తులు నూరు సానపిండివంటిదగును. త్రిప్పినప్పుడెల్ల కొంత లోహమును, కొంత ప్లాస్టిక్కును నాకివేయును. త్రిప్పునపుడు కరకర మను చప్పుడు వినవచ్చినచో లోపల దుమ్ము చేరినదని గుర్తు. తిరుగలి చప్పుడును బట్టి పిండి మెత్తనో బరకయో చెప్పగల మన కీ గుఱుతు తెలియుట కష్టమా?

పెండ్లింటి ప్రమాదములు వేఱు. తలంబ్రాలు వెనుక బియ్యము, పసుపు. నేడు వానితో థర్మోకోలు పూసలు, మెరుపు కాగితపు ముక్కలును జేరినవి. పన్నీరు చల్లుదురు. హోమపు పొగలో నేతి జిడ్డుండును. ఎదురుగా నిలిచిన ముక్కాలి మీదికివి యన్నియు వచ్చి పడును. బియ్యపుగింజ యొక్కటి కంకణపు సందున జేరిన నది యడ్డుపడి బిగింపు పూర్తిగాదు; బిగిసినదని చేతికి తోచును, బిగియదు. సంబరము ముగిసిన పిమ్మట పట్టుచీరను విదిలించి, గాలికాఱవేసి, మడిచిపెట్టు నిల్లాలు ముక్కాలిని మాత్రము సంచిలో నట్లే త్రోసి మూలబెట్టనిచ్చుట న్యాయము గాదు. దానిని నప్పుడే తుడువవలెను.

మఱి యెండ. నంద్యాల వేసవి యెట్టిదో చెప్పవలసిన పని లేదు. 45 డిగ్రీలు దాటిన దినములు మనకు క్రొత్త గావు. పెండ్లిండ్లన్నియు నా దినములలోనే వచ్చును. ముహూర్తమునకు ముందు వెనుకల ముక్కాలిని కారు వెనుక నఱలో నుంచి యద్దములు మూసి యెండలో నిలిపినచో లోపలి వేడిమి బయటి దానికంటె చాల హెచ్చును. కార్బను గొట్టమునకు తలభాగపు లోహము అతికియుండునది మరతో గాదు, జిగురుతో. సామాన్యపు జిగుళ్లు 60 డిగ్రీల పైబడిన పట్టు సడలనారంభించును. దీనికి తోడు లోహమును, కార్బనును వేడికి సమముగా పెరుగవు. మీటరు పొడవుగల యల్యూమినియపు కడ్డీ 40 డిగ్రీల వేడి హెచ్చినచో నించుమించు మిల్లీమీటరు సాగును. కార్బను గొట్టము దాదాపు కదలదు. అతుకువద్ద నీ తేడా వెండ్రుకలో సగమంత మందము కూడ నుండదు గాని, పగలు సాగి, రాత్రి ముడుచుకొని, మరల సాగి, యేండ్ల తరబడి యట్లే జరిగినచో జిగురు పొర విసిగి విడిపోవును. పగిలిన గాజుపాత్ర నతికి వేడినీళ్లు పోయుచుండిన నేమగునో యదియే యిచ్చట జరుగును. కాలు గొట్టము చేతిలోనికి వచ్చును. తల కెమేరాతో సహా నేలను జేరును. లక్ష రూపాయల వస్తువు పదిరూపాయల జిగురుపై నాధారపడియుండుట నాకెప్పుడును వింతగానే తోచును.

ఈ విధమైన చేటు మంచి పేరుగల ముక్కాళ్లకును వచ్చుట గలదు. కాని యది యంతముగాదు. పాత జిగురును గీకి, రెండు ముఖములను శుభ్రపఱచి, రెండు పాళ్లు కలిపి వాడు గట్టి ఎపాక్సీ జిగురుతో నతికి యొక రోజు కదలనీక యుంచినచో చాలవఱకు నిలుచును. అనుభవముగల పనివాడు చేయవలెను. త్వరగా నంటుకొను చౌక జిగుళ్లిచ్చట పనికిరావు. అవి గట్టిపడునే గాని దెబ్బకు పెళుసు.

కార్బను నకు వంగుట తెలియదు. అల్యూమినియపు గొట్టమునకు దెబ్బ తగిలిన సొట్ట పడును. సొట్టపడిన గొట్టము లోపలికి జరుగక బిగిసిపోవును గాని నిలుచుండును. కార్బను గొట్టము ప్రక్కనుండి గట్టిగా తగిలిన దెబ్బకు చీలును. చీలిన నారలు సూదులవలె చేత గ్రుచ్చుకొనును. పిల్లలను దగ్గఱకు రానీయరాదు. కావున కార్బను ముక్కాలిని బస్సు పైకప్పు మీదనో, ఆటో వెనుకనో త్రాళ్లతో కట్టి పంపుట మంచిది గాదు. నేను చెప్పగలిగినంతలో, దినదినము సామానుబండి యెక్కి దిగు ముక్కాలికి అల్యూమినియమే మేలు. కాలినడకను కొండ లెక్కువారికి కార్బను మేలు. బరువులో నించుమించు నాలుగవ వంతు తగ్గుట మూడవ మెట్టుకాడ తెలియదు గాని మూడు వందల మెట్టుకాడ తెలియును.

కొండ యనగానే అహోబిలము తలపునకు వచ్చును. ఆళ్లగడ్డనుండి సుమారు 25 కిలోమీటర్లు పోయిన దిగువ యహోబిలము. అచ్చటినుండి నల్లమల లోనికి నవనారసింహ క్షేత్రము. జ్వాలానరసింహస్వామి సన్నిధికి పోవు త్రోవలో భవనాశిని వాగు రాళ్లపై గంతులిడుచుండును. జలపాతమును పాలధారవలె చిత్రింపగోరువారు ముక్కాలిని వాగులోనే నిలిపి, కెమేరా కన్ను నొకటి రెండు క్షణములు తెఱచియుంచుదురు. చిత్రము చక్కనిదే వచ్చును. కాని క్రింది కాళ్లలోనికి నీరును, సన్నని యిసుకయు జేరును. వెంటనే కాళ్లను ముడిచి సంచిలో పెట్టినచో నా నీరు పై గొట్టములలోనికి పోయి నిలువయుండును. వారము దినములకు తెఱచి చూచిన తెల్లని చిలుము పట్టియుండును. ఇనుమునకు తుప్పెట్లో యల్యూమినియమున కీ తెల్లని పొడి యట్లు. సముద్రతీరమున నిది మఱింత త్వరగా జరుగును. ఉప్పునీటి తడిలో కార్బనును తాకియున్న యల్యూమినియము తనకు తానే హరించుకొనిపోవును. మన సీమకు సముద్రము లేదు, సంతోషము. కాని చెమటలోను నుప్పున్నది గదా. పోర్టరు భుజముపై చెమటకు తడిసిన ముక్కాలిని నీటబట్టతో తుడువకుండుట పొరపాటే.

బెలుం గుహలలో నింకొక వింత. 1884లో రాబర్టు బ్రూస్ ఫూట్ అను భూగర్భశాస్త్రవేత్త వీనిని గూర్చి వ్రాసెను. 1982, 83లలో డేనియల్ గెబౌర్ నాయకత్వమున జర్మనులు వచ్చి కొలిచిరి. 2002లో జనులు చూచుటకు తెఱచిరి. మొత్తము 3,229 మీటర్ల పొడవని లెక్క. లోపల వెలుతురు తక్కువ, తేమ యెక్కువ. దీర్ఘముగా కన్ను తెఱచియుంచక చిత్రము రాదు గాన ముక్కాలి లేక గతిలేదు. అక్కడి యుక్కకు చేతులు చెమర్చి, కంకణము జారి, బిగించితిమనుకొన్నది బిగియదు. చేతిరుమాలు పట్టి బిగించుట చిన్న యుపాయము.

ముక్కాలి విఱుగకయే కెమేరా పడుట కూడ గలదు. తలపై బంతివంటి యొక యమరిక యుండును; దానిని వదలు చేసి కెమేరా నెటులైన త్రిప్పి, మర బిగించి నిలుపుదురు. ఆ బంతిమీద నూనె జిడ్డంటినను, లోపలి పట్టీ యరిగినను, పొడవైన కటకము ముందుకు వ్రాలుచుండును. దాని పైన కెమేరాను త్వరగా తగిలించి తీయుటకొక పలక. ఆ పలక టక్కుమని కూర్చున్నదో లేదో పెండ్లి సందడిలో వినబడదు. చప్పుడును నమ్మక చేతితో నొకసారి కదల్చి చూచుట మంచి యలవాటు. గడియ వేసిన తరువాత తలుపును త్రోసి చూచునట్లు. అడుగున కెమేరాలోనికి బోవు మర మాత్రము లోకమంతట నొకటే. పావు అంగుళము లావు, అంగుళమునకు 20 చుట్లు. పాత కెమేరా నేటి స్టాండుపై కూర్చుండుటకును, నేటి ఫోను పట్టు పాత స్టాండుపై బిగియుటకును నీ యైకమత్యమే కారణము. మతములు, భాషలు, ద్రవ్యములు కలియని లోకమున నీ మర యొక్కటి కలిసినందుకు సంతసింపవలెను.

నడిమి కంబమును గూర్చి యొక మాట. అది పైకి సాగును. ఎత్తు చాలనప్పుడు కాళ్లు చాచక కంబమును లేపుట చాలమందికి వాడుక. లేపిన మరుక్షణము మూడు కాళ్లది యొంటికాలి దగును. ఫ్యాను గాలికే యూగును. ముందుగా లావు కాళ్లను, తరువాత సన్నని కాళ్లను, గత్యంతరము లేనప్పుడే కంబమును. నేల సంగతియు చూడవలెను. నంద్యాల చుట్టునున్న నల్లరేగడి వేసవిని నెఱ్ఱెలు విచ్చును. కాలు నెఱ్ఱెలో దిగబడిన ముక్కాలి పైనున్న దానితో కూలును. వానకాలమున నదే నేల జిగటయై రబ్బరు పాదమును పీకి తనయొద్ద నుంచుకొనును. ఇండ్లలోని నాపరాతి నునుపు బండలపై, నీళ్లు చిలికినప్పుడు, కాళ్లు విడివడి జారును. ముడి తడిగుడ్డ యొకటి ప్రతి పాదము క్రింద వేసిన జారదు. రోలు జరుగకుండ మనము వేయు పాతగోనె వంటిదే.

చలనచిత్రము తీయువారి ముక్కాలికి తల వేఱు. కెమేరాను మెల్లగా ప్రక్కకు త్రిప్పినప్పుడు తొట్రుపాటు లేకుండ నుండుటకు లోపల చిక్కని ద్రవముండును. అమెరికాలో చాడ్‌వెల్ ఓకానర్ అను నింజనీరు ఆవిరి రైలింజనులను చిత్రించుటయం దాసక్తి గలవాడై, కుదుపులేని తల నొకదానిని తనకొఱకు చేసికొనెను. దానిని చూచి వాల్టు డిస్నీ తన సంస్థకును కావలెనని చేయించుకొనెను. పెండ్లికూతురు గౌరీపూజనుండి పల్లకివరకు నడిచివచ్చుటను నేడు నీళ్లపై నావవలె నెమ్మదిగా చూపు యంత్రము పుట్టుక యీ రైలు సరదాలో నున్నది. ఇట్టి తలలో ద్రవము కారినచో నింటిలో బాగుచేయ యత్నింపరాదు. అది వైద్యుడు చూడవలసిన రోగము.

తక్కినవి యింటి వైద్యమే. నెలకొకసారి కాళ్లు పూర్తిగా చాచి, మెత్తని తడిగుడ్డతో తుడిచి, నీడలో నిలువుగా నాఱనీయవలెను. ఏడాదికొకసారి, దుమ్ములోను వాగులోను తిరిగినదైన మూడునెలల కొకసారి, కంకణములు విప్పి లోపలి ముక్కలను వరుస తప్పక పాతపంచెపై పేర్చి, సబ్బునీటితో కడిగి, బాగుగా నాఱిన పిమ్మట మరల గూర్చవలెను. నగల పెట్టె సర్దుకొను చేతులకిది కష్టము గాదు. నిజమునకు మగవారి తొందర చేతులకంటె మనవే దీనికి తగినవి. మరయొత్తులకు కందెన కొంచెము, అనగా కంటికి కాటుకంత. కొబ్బరినూనెయు, కుట్టుమిషను నూనెయు వేయరాదు. అవి పలుచన, కారి లోపలి ప్లాస్టిక్కుపై జేరి పట్టును జార్చును, పైగా దుమ్మును రమ్మని పిలుచును. కాళ్ల తలభాగమున నున్న మరలు వదలైన కాళ్లు చచ్చినట్లు వ్రేలాడును. అలెన్ కీ యని యంగడిలో దొరకు వంకర తాళముతో వానిని బిగింపవచ్చును. మితిమీరి బిగింపరాదు.

కొనునప్పుడు వర్తకు నడుగవలసినది బరువెంత మోయునని గాదు. పెట్టెమీద నంకె వేసియేయుండును. దానిలో సగమే నమ్ముట మేలు. అడుగవలసినది, ఈ కంకణపు ముక్కలు, రబ్బరు పాదములు, మరలు విడిగా దొరకునా, యెచ్చట దొరకును, యెన్ని దినములకు వచ్చును అని. వారంటీ కాగితమున నరిగిపోవు భాగములకు బాధ్యత లేదని సన్నని యక్షరములలో నుండుట సాధారణము. ఆ కాగితము చదువు పని యింట చదువుకొన్న స్త్రీదే. బాగుచేయు కేంద్రము చెన్నపట్టణముననో బెంగళూరుననో యున్నచో, పెండ్లిండ్ల నెలలో ముక్కాలి ప్రయాణములోనే యుండును. అందుకే ముందు కొయ్య ముక్కాలి మాట మనస్సున నుంచుకొనుమంటిని. వడ్లయ్య యొద్ద బాగుపడు వస్తువు గొప్పదనము వేఱు. నేటి ముక్కాళ్లలోను మంచివి యట్లే యుండును: మామూలు పనిముట్లతో విప్పుటకును, లేతు పట్టిన పనివాని చేత ఇత్తడి ముక్క యొకటి చేయించి వేయుటకును వీలైనవి. రివెట్లు కొట్టి మూసివేసినది యెంత మెఱసినను కొనరాదు.

మన నంద్యాల యిల్లాలు 70 వేలు పెట్టుట తప్పా యని యడుగుదురేమో. ఏడాది కిరువది పెండ్లిండ్లు వచ్చు నింటి కది తప్పు గాదు. నాలుగైదు పెండ్లిండ్లే వచ్చునింటికి, పదునైదు వేలలో దొరకు గట్టి యల్యూమినియపు ముక్కాలియు, మిగిలిన దుడ్డుతో నెనుమును కొనుటయే నా మాట. అత్తగారిదియు నదే గదా!

ఇక వంటయింట ఫోను నిలుపు స్టాండు. వందల రూపాయలకే దొరకును. దాని కడ్డుకఱ్ఱలు పలుచని ప్లాస్టిక్కువి, కాళ్లు వెదురుబద్దలంత. పొయ్యికి మూరెడు దూరమున నిలిపినచో నావిరికి, నూనె తుంపరలకు రెండు నెలలలో బిగింపులు పగులును. పొయ్యిగట్టుకు నెదురుగా గాక ప్రక్కగా, నావిరి పోవు దిక్కునకు వ్యతిరేకముగా, నిలుపుడు. కాళ్ల నడుమ కొంకియున్న యెడల చింతపండు పొట్లమో, కిలో బియ్యపు సంచియో వ్రేలాడదీసిన నది యూగదు. సంచి నేలను కొంచెము తాకునట్లుండవలెను, లేకున్న నదే గడియారపు లోలకమై యూపును. ఒకటి రెండు సార్లట్టి స్టాండు విరిగినవారు, మూడవది కొనుటకు బదులు, పెండ్లిండ్ల ఫోటోగ్రాఫరు ప్రక్కన పడవేసిన పాత యల్యూమినియపు ముక్కాలి నడిగి తెచ్చుకొనవచ్చును. కంకణములకు క్రొత్త ముక్కలు, పాదములకు రబ్బరు తొడుగులు. తలపై పావు అంగుళపు మర యుండనే యున్నది.